సీసాలలో సిరి

ధనమును దాచుకొను మార్గములు వెదకువారికి నేడు మఱియొక మార్గము చూపబడుచున్నది. ఫ్రాన్సు దేశమున బోర్డో, బర్గండీ మండలములలో పండిన ద్రాక్షలనుండి తీసిన మేలైన ఆసవమును పెట్టెల లెక్కను కొని, పది యిరువది యేండ్లు త్రాగక దాచి, పిదప అమ్మినచో, దానిముందు బ్యాంకి వడ్డీ యేమి, కంపెనీ వాటాలేమి, నిలువజాలవని బోధించుచున్నారు. లండను, హాంగుకాంగు, సింగపూరు నగరములలో ఈ బేరము కొఱకే వెలసిన వర్తక సంఘములు కలవు. టెలిఫోనులో తీయగా పలుకరించువారు కలరు. నిగనిగలాడు పత్రములు పంపువారు కలరు. విదేశములందు ఉద్యోగములు చేసి నాలుగు కాసులు వెనుకవేసికొన్న మన తెలుగు యువకులు ఇట్టి బోధకులు కోరుకొను శ్రోతలే. ఇంటివద్ద తండ్రులు బంగారము కొనుమందురు, భూమి కొనుమందురు. అచ్చట స్నేహితులు లాఫీట్ కొనుమందురు. కావున ఈ విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుట మా విధి యని తలంచితిమి.

మద్యపానము తగునా తగదా యను చర్చ నిచ్చట ఎత్తము. అందు మా అభిప్రాయము పాఠకు లెఱిగినదే. వింత యేమనగా, ఈ వ్యాపారమున త్రాగుట యనునదియే లేదు. త్రాగినవాడు తన మూలధనమును మ్రింగినవాడగును. త్రాగనివాడు కొని, త్రాగనివాని కమ్మును. అతడు మఱియొక త్రాగనివానికై కాచుకొని యుండును. మా ప్రశ్న వేఱు. మేము వృత్తిచే న్యాయవాదులము. దస్తావేజు చేతికి వచ్చినపుడు మొదట అడుగు ప్రశ్ననే ఇచ్చటను అడుగుచున్నాము. సొమ్మిచ్చినవానికి సంక్రమించిన హక్కు ఏది?

"ఇది కాగితపు వాటా కాదు, కంటికి కనబడు వస్తువు" అని విక్రేతల మొదటి పలుకు. కనబడునది యెవరి కంటికి? కొన్నవాడు హైదరాబాదుననో హూస్టనుననో యుండును. కొన్న వస్తువు ఇంగ్లండున విల్ట్‌షైరు సీమలో, పూర్వము కట్టడపు రాయి త్రవ్వి తీసిన గనిలో, నేలకు నూఱడుగుల క్రింద, చీకటిలో, చల్లదనములో పండుకొని యుండును. అట్లుంచుట అవసరమే. వేడికిని వెలుతురునకును ఆసవము చెడును. తేమ చాలకున్న బిరడా యెండి గాలి చొఱబడును. ఇంటికి తెచ్చుకొన్నచో సుంకము చెల్లింపవలెను. అంతేగాక సరిగా భద్రపఱుపబడినదను నమ్మకము పోయి వెలయు తగ్గును. అనగా కొన్నవాడు తన సొత్తును ముట్టకుండుటయే ఈ సొత్తునకు విలువ నిలుచుటకు షరతు. చూడని సొత్తునకు సాక్ష్యము కాగితమే గదా! కంపెనీ వాటాకును కాగితమే, లేదా లెక్కలలోని పద్దే సాక్ష్యమందురేమో. నిజమే, కాని ఆ పద్దు వెనుక కంపెనీల చట్టము కలదు, డిపాజిటరీ కలదు, సెబీ కలదు. ఆసవపు పద్దు వెనుక నున్నది అమ్మినవాని మాట.

ఆ మాట యేపాటి బరువు తూగునో 1975లో ఇంగ్లండు హైకోర్టు తూచి చూపినది. లండన్ వైన్ కంపెనీ యను సంస్థ ఆసవమును మదుపుగా కొనుడని ప్రకటించి పెక్కుమందికి అమ్మెను. కొన్నవారికి "స్వామ్య పత్రములు" జారీచేసెను. వారివద్ద గిడ్డంగి అద్దె తీసికొనెను, భీమా ఖర్చు తీసికొనెను. కొన్నవాడు అద్దె కట్టుచున్నాడు, పత్రము పెట్టెలో భద్రముగా నున్నది. ఇక తన సొత్తు తనదే యని యనుకొనుటకు ఏమి అడ్డము? కంపెనీ అప్పులలో మునిగి రిసీవరు వచ్చి గిడ్డంగి తలుపు తెఱచినపుడు అడ్డము బయటపడినది. ఈ పెట్టె ఫలానివానిది, ఆ పెట్టె ఫలానివానిది యని ఎవ్వరును వేఱుచేసి యుంచలేదు. కుప్పగా సరకు కలదు; కుప్పలో ఎవరి వంతు ఏదో నిర్ణయము లేదు. వేఱుపఱుపని సరకులో కొనుగోలుదారునకు స్వామ్యము సంక్రమింపదని న్యాయమూర్తి ఆలివరుగారు తీర్పు చెప్పిరి. ట్రస్టుగానైన భావింపుడని చేసిన వాదమును ఆయన అంగీకరింపలేదు. సరకు కంపెనీది, కంపెనీ ఆస్తిపై హామీ పొందిన ఋణదాతది. అద్దె కట్టినవారు, భీమా కట్టినవారు, స్వామ్య పత్రము చేత పట్టుకొన్నవారు, సామాన్య ఋణదాతల వరుసలో చివర నిలువవలసి వచ్చెను. తమవి కాని సీసాలకు వారు అన్నినాళ్లు అద్దె కట్టిరన్నమాట!

పాఠకులు ఈ తీర్పును అన్యాయ మనవచ్చును. మాకును మొదట చదివినపుడు మనసు నొచ్చినది. కాని న్యాయసూత్రము కఠినమైనను అస్పష్టము కాదు. కొట్టులోని వడ్ల రాశినుండి పది బస్తాలు కొంటి నన్నంత మాత్రమున, కొలిచి కట్టివేయకముందు ఆ పది బస్తా లేవో ఎవ్వరు చెప్పగలరు? 1994లో స్టేపిల్టన్ ఫ్లెచర్ సంస్థ దివాలాలో ఇట్టి వివాదమే మరల వచ్చినది. అచ్చట ఖాతాదారుల సరకును వర్తకపు సరకునుండి తీసి ప్రత్యేకముగా నొక చోట నిలువజేసిరి గనుక, కొన్నవారు ఉమ్మడి స్వాములుగా నిలిచి గెలిచిరి. మరుసటి యేడు, 1995లో, పార్లమెంటు సరకుల విక్రయ చట్టమును సవరించి, గుఱుతించిన కుప్పలో సొమ్ము చెల్లించినవానికి ఉమ్మడి వాటా కల్పించినది. మంచిదే. అయితే ఆ సవరణ ఇంగ్లండుది. మన 1930 నాటి సరకుల విక్రయ చట్టమున 18వ సెక్షను నేటికిని అట్లే యున్నది: సరకు నిర్ణీతము కానంతవరకు స్వామ్యము మాఱదు. ఇంతకును, కుప్ప యుండి వంతు తెలియనప్పుడు సవరణ తోడ్పడును. కుప్పయే లేనప్పుడు ఏ పార్లమెంటు సవరణ తోడ్పడగలదు?

కుప్ప లేని బేరములు జరిగినవా యందురా? అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున బర్క్‌లీ పట్టణపు ప్రీమియర్ క్రూ అను వర్తక సంస్థ 2016 జనవరిలో దివాలా తీసినది. సముద్రము దాటి రావలసిన ఆసవమును ముందుగానే చౌకగా అమ్ముచుండుట దాని ప్రసిద్ధి. చౌక యెట్లయ్యెనో తరువాత తెలిసినది. దాని యజమాని తాను కొననే కొనని సరకును అమ్మి, క్రొత్తగా వచ్చినవాని సొమ్ముతో పాతవానికి సీసాలు కొని పంపుచుండెను. కోర్టులో నేరము ఒప్పుకొనెను. ఆఱున్నర యేండ్ల శిక్ష పడెను. నష్టము నాలుగున్నర కోట్ల డాలర్లు. 2022లో న్యూయార్కున ఫెడరలు ప్రాసిక్యూటర్లు మఱియొక అభియోగము మోపిరి. ధనికుల ఆసవ నిధులను తాకట్టు పెట్టుకొని అప్పులిచ్చెదమని చెప్పి, అట్టి ధనికులుగాని తాకట్టు సీసాలుగాని లేకయే, బోర్డో సెల్లార్స్ అను పేరిట దాదాపు 9 కోట్ల 90 లక్షల డాలర్లు పోగుచేసిరని దాని సారాంశము. దున్నపోతు ఈనినదన్న దూడను కట్టివేయుమన్న సామెత మన పల్లెలలో పుట్టినదిగాని, దానికి ఉదాహరణములు ఖండాంతరములందు దొరకుచున్నవి.

సీసా యున్నంత మాత్రమున చాలునా? సీసాలో నున్నదేమో తెలియవలెను గదా. తెలిసికొనుటకు బిరడా తీయవలెను. తీసినచో అమ్మకమునకు పనికిరాదు. పరీక్షించిన మాత్రమున నశించు వస్తువును మేము వేఱొకటి యెఱుగము. బంగారమునకు గీటురాయి కలదు, భూమికి కొలతగొలుసు కలదు. ఈ సందును కనిపెట్టినవాడు రూడీ కుర్నియావాన్. 2008 ఏప్రిలులో న్యూయార్కున ఒక వేలమునకు అతడు పంపిన సరకులో పొన్సో కుటుంబమువారి క్లో సాం డెనీ సీసాలు 1945 మొదలు 1971 వఱకుగల పంటలవి కలవు. ఆ కుటుంబమువారు ఆ ఆసవమును తీయుట మొదలుపెట్టినది 1982లో! వంశస్థుడైన లొరాం పొన్సో స్వయముగా సముద్రము దాటి వచ్చి వేలమును ఆపించెను. కుర్నియావాన్‌ను 2012లో పట్టుకొనిరి, 2013లో దోషియనిరి, 2014లో పదేండ్ల శిక్ష వేసిరి. అతని నకిలీ సీసాలు అయిదు వందలకు పైగా 2015లో టెక్సాసు రాష్ట్రమున చెత్త యంత్రములో నలుగగొట్టిరి. అంతకుముందు ఏండ్ల తరబడి కోట్లు పోసి కొన్న ధనికులు, రుచి తెలిసినవారమని పేరు పడ్డవారు, విందులలో ఆ నకిలీని చప్పరించి మెచ్చుకొనినవారే. ఇంత యెఱిగినవారే మోసపోయినచోట, నెలజీతపు ఉద్యోగి టెలిఫోనులో కొని మోసపోకుండు ఉపాయమేమో మాకు గోచరింపదు.

ఇక వెలల సంగతి. 1855లో మూడవ నెపోలియను చక్రవర్తి పారిసు ప్రదర్శనమునకై బోర్డో ఆసవములను శ్రేణులుగా ఏర్పఱుపుమనగా, దళారులు అప్పటి వెలలనుబట్టి శ్రేణులు వ్రాసియిచ్చిరి. నాటినుండి శ్రేణినిబట్టి వెల పలుకుచున్నది. తరువాతి కాలమున అమెరికా దేశీయుడు రాబర్టు పార్కరు వచ్చి, బడిపిల్లలకు వలె నూటికిన్ని మార్కులని వేయ మొదలిడగా, ఒక్కని నాలుక వేలకొలది పెట్టెల వెలను ఎత్తుటయు దించుటయు జరిగినది. ఆయన 2019లో విశ్రాంతి తీసికొనెను. నేల యొక్క గుణము మాఱలేదు, ద్రాక్ష మాఱలేదు. మార్కులు వేయు చేయి మాఱిన వెల మాఱు సొత్తును స్థిరాస్తితో పోల్చుట సాహసము.

"ఏటేట కొన్ని సీసాలు త్రాగివేయబడును, మిగిలినవి అరుదగును, అరుదైనకొలది ప్రియమగును" అని వారి తర్కము. వినుటకు ముచ్చటగా నున్నది. త్రాగువాడు కొనినంతకాలము అది సత్యమే. దాచువాడు కొన మొదలిడినపుడు, సీసా తరుగదు. గనిలో ఒక అఱనుండి మఱియొక అఱకు మాఱును. లాఫీట్ కథయే దీనికి నిదర్శనము. 2008 ఫిబ్రవరిలో హాంగుకాంగు ప్రభుత్వము ఆసవముపై సుంకము తీసివేయగానే చైనా ధనికులు వేలములపై పడిరి. 2010 అక్టోబరులో అచ్చటి సోదబీ వేలమున 1869 నాటి లాఫీట్ సీసాలు మూడు, ఒక్కొక్కటి 18 లక్షల హాంగుకాంగు డాలర్లకు పైగా పలికినవి. ఆ మాసముననే 2008 పంట సీసాపై చైనా లిపిలో ఎనిమిది యను అంకె చెక్కించెదమని యజమానులు ప్రకటింపగా, అది శుభసంఖ్య యట, వెల వెంటనే ఎగసినది. ఆసవము మాత్రము ముందటి దినమున పీపాలో నున్నదే! మఱుసటి యేడు, 2011 నడుమనుండి, వెలలు దిగజాఱినవి. 2012 చివర చైనా ప్రభుత్వము అధికారుల విందులకును కానుకలకును కళ్లెము వేయగా కొనువారు మఱింత తగ్గిరి. మరల కొన్నాళ్లకు వెలలు లేచినవి. 2022 శరత్కాలమున శిఖర మంటినవి. అచ్చటినుండి రెండేండ్లకు పైగా క్రమముగా పడినవి. శిఖరము వద్ద కొన్నవారికి "దీర్ఘకాలము ఓపిక పట్టుడు" అను ఉపదేశము తప్ప చేతిలో నున్నదేమి?

ఎదుటివాని పక్షమున బలమైన సాక్ష్యమును దాచుట మా వృత్తికి తగదు. డిమ్సన్, రూసో, స్పేంజర్స్ అను మువ్వురు పండితులు 2015లో ప్రకటించిన పరిశోధన యొకటి కలదు. బోర్డో ప్రథమశ్రేణి ఆసవముల వెలలను 1900 మొదలు 2012 వఱకు లెక్కించి, ధరల పెఱుగుదలను, నిలువ ఖర్చును తీసివేయగా ఏటికి నూటికి 4.1 వంతు లాభమని వారు తేల్చిరి. ఋణపత్రములకంటె, చిత్రపటములకంటె, తపాలా బిళ్లలకంటె ఇది మేలు. కంపెనీ వాటాలకంటె తక్కువ. ఈ లెక్కను మేము అంగీకరించుచున్నాము. కాని ఇది ప్రపంచమున పేరుగాంచిన అయిదు తోటల లెక్క. నిజముగా ఉండి, నిజముగా అమ్ముడైన సీసాల లెక్క. బర్క్‌లీలో రాని సీసాలు ఇందు లేవు. వాటాలు పడినపుడు ఆసవము నిలుచునని కదా విక్రేతలు చెప్పునది? రెండును కలసి లేచి కలసి పడు స్వభావము గలవని ఆ పండితులే వ్రాసిరి. దళారీ తినునది వేఱుగా నున్నది. వేలమున పాట నూఱు రూపాయలకు కొట్టివేసినచో కొన్నవాడు ఇరువదినుండి ఇరువదియైదు వఱకు అదనముగా ఇచ్చును. నూటయిరువదియైదు ఇచ్చి కొన్నదానిని, వెల కదలక మెదలక యుండగా మరల వేలమునకు పెట్టినచో చేతికి వచ్చునది నూఱే, అందును అమ్మినందుకు రుసుము పోగా. ఏటేట గిడ్డంగి అద్దె, భీమా వేఱు. భూమి కౌలు ఇచ్చును, వాటా డివిడెండు ఇచ్చును, పాడియావు పాలిచ్చును. సీసా పండుకొని అద్దె తినును.

ఇందొక చమత్కారము కలదు. ఇంగ్లండున ఏబది యేండ్లలోపల నశించు వస్తువును అమ్మగా వచ్చిన లాభముపై సామాన్యముగా మూలధన లాభపు పన్ను లేదు. "మా ఆసవము నశించునదే, కావున పన్ను లేదు" అని కరపత్రములో ఒక పుట చెప్పును. "మా ఆసవము తరతరములు నిలుచునది, కావున కొనుడు" అని మఱియొక పుట చెప్పును. పన్నుల అధికారు లమాయకులు కారు. ఏబది యేండ్లకు పైగా నిలువగల ఉత్తమాసవమునకు ఆ మినహాయింపు చెల్లదని వారు వాదింతురు. ఒకే సాక్షి ఒకే వాజ్మూలములో రెండు విధములుగా పలికినపుడు ఏ మునసబైనను ఏమి చేయునో పాఠకు లెఱుగుదురు. అచ్చటి ఆర్థిక నియంత్రణ సంస్థ ఈ వ్యాపారమును తన పర్యవేక్షణలోనికి తీసికొనలేదు. వర్తకుడు మునిగినచో బ్యాంకి ఖాతాదారునకు దొరకు పరిహార నిధి ఇచ్చట దొరకదు.

పీపాలో నుండగనే అమ్ము పద్ధతిని గూర్చియు చెప్పవలెను. శరత్తున ద్రాక్ష కోయుదురు. మఱు వసంతమున పీపాలోని పచ్చి ఆసవమును రుచి చూపి వెల కట్టుదురు. కొన్నవాడు అప్పుడే సొమ్మిచ్చి, సీసాల కొఱకు రెండేండ్లు కాచుకొనవలెను. నీటిలోని గేదెకు బేర మనగా ఇదియే. ఇటీవలి పంటలు అనేకములు, సీసాలు వచ్చునప్పటికి, ముందు చెల్లించినదానికంటె తక్కువ వెలకే బజారున దొరకినవి. ప్రథమశ్రేణికి చెందిన లతూర్ తోటవారే 2012లో ఈ పద్ధతికి స్వస్తి చెప్పి, ఆసవమును తమ నేలమాళిగలోనే యుంచుకొని పక్వమైన పిదప అమ్మ నారంభించిరి. నిలువయుంచుట లాభమైనచో ఆ లాభమును వారు పరులకేల విడుతురు? నష్టమైనచో పరులు దానినేల మోయవలెను?

ఈ సిరి యంతయు పండించినవానికి చేఱుచున్నదా? మమ్ము మిక్కిలి కలచినది ఈ ప్రశ్నయే. ఇరువదియేండ్ల సీసా ఒక ధనికుని పద్దునుండి మఱియొక ధనికుని పద్దునకు మాఱినపుడు, ఆ తోటలో మోకాళ్లపై వంగి కొమ్మలు కత్తిరించిన కూలివానికి కానియైనను ముట్టదు. లాఫీట్, లతూర్ కోటలకు కూతవేటు దూరమున చిన్న రైతులు తమ ఆసవమునకు గిట్టుబాటు ధర లేక ద్రాక్షతోటలను వేళ్లతో పెఱికివేయుచున్నారు. 2023లో ఫ్రెంచి ప్రభుత్వమును, బోర్డో ఆసవ సంఘమును కలసి, పెఱికిన ప్రతి హెక్టారునకు 6,000 యూరోల చొప్పున ఇచ్చి, సుమారు 9,500 హెక్టార్ల తోటలు తీసివేయించు ఏర్పాటు చేసినవి. తాతలు నాటిన తీగెను పెఱుకుటకు కూలి పుచ్చుకొను రైతు మనఃస్థితి, మిర్చికి ధర లేక గుంటూరు యార్డున బస్తాల నడుమ కూర్చున్న మన రైతున కెఱుకయే. ఒకే జిల్లా, ఒకే నేల, ఒకే పంట. అందొక సీసా లక్షలు పలుకుచుండగా, పక్క పొలమున తీగెలు గుట్టలుగా కాలుచున్నవి. బోర్డో వృద్ధిలో భాగస్థులు కండని పిలుచు కరపత్రములలో ఈ గుట్టల చిత్రము ఎన్నడును ఉండదు.

మన దేశముననే యుండి కొనదలచువారికి ఒక మాట. లండనులో కొన్న సీసాలను ఇక్కడకు తెప్పించుకొని దాచుకొందుమను ఊహ యెవ్వరికైన నున్నచో మానుకొందురుగాక. కస్టమ్సు సుంకము సంగతి అటుండ, ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను 1968 నాటి ఎక్సైజు చట్టము అమలులో నున్నది. లైసెన్సు లేనివాడు మద్యమును అమ్ముట నేరము. పరిమితికి మించి యింట నుంచుకొనుటయు నేరమే. అనగా ఇచ్చట ఆ సీసాలను త్రాగవచ్చును, పాఱబోయవచ్చును. మదుపుగా మార్చి సొమ్ము చేసికొనుటకు వీలులేదు. దేశాంతరమున నున్నవారు, ఇంకను మనసు పోవుచున్నచో, సొమ్ము పంపకమునుపు అమ్మువానికి ఒక జాబు వ్రాయుదురుగాక. మా పెట్టెలను మీ వర్తకపు సరకునుండి విడదీసి, మా పేరున, మీతో సంబంధము లేని గిడ్డంగిలో ఉంచితిరా? ఆ గిడ్డంగివారే నేరుగా మాకు రసీదు ఇత్తురా? రేపే అమ్మదలచినచో ఏ వెలకు మీరే తిరిగి కొందురు? ఈ మూడింటికిని సంతకముతో జవాబు కోరవలెను. జవాబు వచ్చువఱకు తొందర యేమియు లేదు. వారి ఆసవము ఎన్నాళ్లుంచినను చెడదని చెప్పినవారు వారే గదా.